విప్పిన ప్రస్థానం మూట

యాభై ఒక్క రూపాయల ఎనిమిదణాలు. మేము ఎల్లారెడ్డి విడిచి షోలాపూర్ పోయిన ఏడు మా దగ్గర ఉన్న మొత్తం అదే. అందులో ఒక్క అణా కూడా ఒకరు ఇచ్చింది కాదు. నా కాళ్ళ కడియాలు అమ్మితే ఇరవై ఎనిమిది రూపాయలు వచ్చాయి. నా పుట్టింటి గంగాళానికి పదకొండు. మగ్గం సామానుకు పన్నెండున్నర. ఇరవై ఏళ్ళు కావస్తున్నా ఈ అంకెలు నాకు ఒక పైసా తేడా లేకుండా గుర్తున్నాయి. కోపం ఉన్నచోట లెక్క చెరగదు.

మాది నేత పని ఇల్లు. చిన్నప్పుడు మా నాయన పడుగు పోస్తుంటే పోగులు లెక్కపెట్టే పని నాది. ఒక్క పోగు తప్పినా బట్టలో గాడి పడుతుంది. గాడి పడిన బట్టను సాహుకారు సగం ధరకు అడుగుతాడు. అందుకని తప్పకుండా లెక్కపెట్టడం నేర్చుకున్నాను. కూడటం, తీసివేయడం, వంతులు వేయడం ఎవరూ నేర్పలేదు. సాహుకారు మా నాయనకు లెక్క చెబుతుంటే పక్కన కూర్చుని, ఆయన ఎక్కడ మింగుతున్నాడో చూస్తూ చూస్తూ వచ్చేశాయి. అక్షరాలు మాత్రం చాలా తర్వాత, షోలాపూర్‌లో నేర్చుకున్నాను.

పెళ్ళయి ఎల్లారెడ్డి వచ్చాక ఆ ఇంటి లెక్కలూ నేనే చూశాను. కాని చూసినట్టు ఎవరూ ఒప్పుకోలేదు. మా ఇండ్లలో కోడలు పెనిమిటి అన్నతో ఎదురుగా మాట్లాడకూడదు. బావ వస్తుంటే కొంగు ముఖం మీదికి లాక్కుని గోడ పక్కకు జరగాలి. మామ పోయాక ఇంటి పెద్దరికం బావది. నేను వేసిన లెక్క ఆయనకు చేరాలంటే మా ఆయన నోటి గుండా పోవాలి. ఆ నోటి గుండా పోయేసరికి నా అంకె మెత్తబడేది. నేను “ఏడో తారీఖు” అంటే, ఆయన అన్న ముందు నిలబడి “వారం పదిరోజులల్ల” అనేవాడు. నేను “మూడు రూపాయలు” అంటే “కొన్ని పైసలు” అనేవాడు. తొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో నేను చెప్పిన ఏ అంకె కూడా అంకెగా బావ చెవిన పడలేదు.

నూలు ధర పెరిగి, మిల్లు బట్ట ముందు మా చీరలు నిలబడక, మగ్గం మీద కూర్చుంటే కూలి గిట్టని రోజులవి. మా ఆయన చిన్ననాటి స్నేహితుడు ఒకాయన అంతకు ముందే షోలాపూర్ పోయి మిల్లులో కుదిరాడు. ఆయన దగ్గరి నుంచి కార్డు వచ్చింది. మిల్లులో పని ఉంది. ఉండటానికి ఒక అర్ర కూడా చూసి పెట్టాడు. అర్ర యజమాని ఏడో తారీఖు దాకా ఆగుతాడు. ఆలోపల పదిహేను రూపాయలు, అదీ కల్దార్ రూపాయలు, చేతిలో పెట్టాలి. ఎనిమిదో తారీఖున ఇంకొకరికి ఇస్తాడు. అర్ర దొరకక మిల్లు గోడ కింద పిల్లలతో పడుకున్న మన ఊరి వాళ్ళు ఉన్నారని కూడా రాశాడు. నా కూతురికి అప్పుడు ఆరో ఏడు.

ఆ కార్డు మూడుసార్లు చదివించుకున్నాక నేను లెక్కకు కూర్చున్నాను. చదివింది మా ఆయన, లెక్క నాది.

మా నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ రూపాయి. షోలాపూర్‌లో చెల్లేది కల్దార్. ఆరు కల్దార్లు కావాలంటే ఏడు హాలీలు ఇవ్వాలి. మార్చే సేటుకు పై ఖర్చు. అర్రకు పదిహేను, మొదటి జీతం చేతికి వచ్చేదాకా తిండికి పన్నెండు, మొత్తం ఇరవై ఏడు కల్దార్లు కావాలి. అంటే ముప్పై ఒకటిన్నర హాలీ, సేటు పట్టుకునే ఎనిమిదణాలు కలిపితే ముప్పై రెండు. కామారెడ్డి దాకా బండికి మూడు. అక్కడి నుంచి షోలాపూర్‌కు రైలు టిక్కెట్టు మనిషికి నాలుగు రూపాయల రెండణాలు, పిల్లకు సగం, మొత్తం పది రూపాయల అయిదణాలు. సామాను తూకానికి రూపాయిన్నర. దారిలో తిండికి రూపాయిం పావలా. అన్నీ కలిపితే నలభై ఎనిమిది రూపాయల ఒక అణా. మిగిలేది మూడు రూపాయల ఏడణాలు.

ఆ మిగులు నిలబడటానికి నేను పడిన పాట్లు చెప్పాలి. విసుర్రాయిని తక్కెట్లో తూచాను. దాని రైలు కిరాయితో అక్కడ కొత్తదే వస్తుందని కార్డు రాయించి కనుక్కుని, ఇక్కడే వదిలేశాను. రోలు, రోకలి అంతే. నులక మంచం నులక విప్పి కట్టెలు అమ్మాను, నులక మాత్రం చుట్ట చుట్టుకున్నాను. బండి విషయం ఇంకా జాగ్రత్తగా చూశాను. ఒక బండాయన బజారు కొట్టుకు కిరసనాయిలు తేవడానికి మూడో తారీఖు శనివారం ఖాళీ బండితో కామారెడ్డి పోతున్నాడు. ఉత్తగా పోయే బండి కనుక మూడు రూపాయలకు ఒప్పుకున్నాడు. శుక్రవారం రూపాయి బయానా ఇవ్వాలి. అదే శుక్రవారం బజారు సేటు దగ్గర రూపాయలు మార్చుకోవాలి. శనివారం పొద్దున బయలుదేరితే మంగళవారానికి, ఆరో తారీఖుకు, షోలాపూర్‌లో ఉంటాము. ఒక రోజు చేతిలో ఉంటుంది.

ఇంతా చేశాక, పోయే రోజు ఎవరు నిర్ణయించాలి? బావ, పంతులు.

ఆ సోమవారం వాళ్ళు వసారాలో కూర్చున్నారు. మా ఆయన గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. నేనూ, బావ భార్య అయిన నా యారాలూ తలుపు వెనక ఉన్నాము.

“శనారం పనికిరాదు” అన్నాడు బావ. “కామారెడ్డి మనకు తూర్పు. తూర్పుకు శనారం శూల, సోమారం శూల.”

“పోయేది షోలాపురం కదా. అది పడమర” అన్నాడు పంతులు. “పడమరకు శుక్రవారం, ఆదివారం కూడదు.”

“రైలు సికిందరాబాదు దిక్కు దచ్చినం పోతది గదా, పంతులూ” అన్నాడు మా ఆయన, తనకూ కొంత తెలుసునని చెప్పుకోవడానికి. “దచ్చినానికి బేస్తారం వద్దంటరు.”

పంతులు తల ఊపాడు. “బాగా గుర్తుచేశావు.”

“మంగళారం ఎవడన్న ఇల్లు కదుల్తడా” అన్నాడు బావ.

నేను తలుపు వెనక గోడ మీద బొగ్గుతో ఏడు గీతలు గీసి ఒక్కొక్కటే కొట్టేస్తున్నాను. ఆరు పోయాయి. బుధవారం ఒక్కటే మిగిలింది.

“ఇంకొక్కటి గూడ కొట్టేస్తె బాగుండు” అంది యారాలు నా చెవిలో. “మీరు ఈడనే ఉంటరు, నాకు నీళ్ళు తేను తోడుంటది.”

నాకు నవ్వు రాలేదు. రాబోయే బుధవారం నెలాఖరు. అప్పటికి బండి లేదు, కడియాల పైసలు మంగళవారం సాయంత్రం గాని చేతికి రావు. ఆ తర్వాతి బుధవారం ఏడో తారీఖు. అర్రకు గడువు తీరే రోజు. నేను మా ఆయనను లోపలికి పిలిచి ఆ మాట చెప్పాను. ఆయన బయటికి పోయి, “కొంచెం తొందరున్నదట అన్నా” అన్నాడు.

పంతులే ఉపాయం చెప్పాడు. మంచి రోజున మనిషి కదలలేకపోతే ప్రస్థానం పెట్టుకోవచ్చు. పిడికెడు బియ్యం, పసుపు కొమ్ము, కట్టుకునే బట్ట ఒకటి మూట కట్టి, పోయే దిక్కున ఉన్న ఇంకొకరి ఇంట్లో ఆ మంచి రోజున పెట్టి రావాలి. మూట గడప దాటితే మనిషి దాటినట్టే లెక్క. ఆ తర్వాత మూడు దినాల్లో ఏ రోజు పోయినా దోషం లేదు. అయితే ఆ మూటను తిరిగి ఇంటికి తేకూడదు. పోతూ పోతూ తీసుకుని, ఊరు దాటాకే ముడి విప్పాలి.

ఈ ఉపాయానికి పంతులు దక్షిణ నాలుగణాలు. నేను మనసులో మూడు రూపాయల ఏడణాల్లోంచి నాలుగు తీసేసి మూడు రూపాయల మూడణాలు రాసుకున్నాను. నాలుగణాలతో శనివారం దక్కుతుంటే నష్టం లేదనుకున్నాను. ఆ ఆచారం మీద నాకు అప్పుడు కోపం లేదు, ఇప్పుడూ లేదు. మూట కట్టిన వాళ్ళ మీదనే ఉంది.

బుధవారం పొద్దున నేను బట్టలు ఉతకడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి ప్రస్థానం పెట్టడం అయిపోయింది. ఊరికి తూర్పు చివర ఉన్న కుమ్మరి అవ్వ ఇంట్లో పెట్టి వచ్చామని చెప్పారు. సరే అన్నాను. ఆ రెండు రోజులూ సామాను కట్టడంలో ఉన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం బండాయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. “అక్కా, బయానా ఇస్తనంటివి.”

పైసల సంచి బియ్యం కుండలో అడుగున దాచాను. చెయ్యి పెట్టాను. బియ్యమే తగిలింది. మోచేతి దాకా పెట్టాను. కుండ వంచాను.

మా ఆయన గడపలో నిలబడి చూస్తున్నాడు. “గది పస్తానంల పెట్టినం” అన్నాడు.

“ఏది?”

“పైసల సంచి. అన్న పెట్టుమన్నడు.”

“ఎంత పెట్టినవ్?”

“అంత.”

ఏం జరిగిందో యారాలు తర్వాత చెప్పింది. ఆమె బియ్యం, పసుపు, చీర మూట కడుతుంటే బావ చూసి, “బియ్యం పెడితె ఎవని పయనం అయితది? షోలాపురానికి బియ్యంతోని పోతున్నరా, పైసలతోని పోతున్నరా? ఏ దానితోని పోతరో అది ముందుగాల గడప దాటాలె” అన్నాడట. తమ్ముడు లోపలికి పోయి సంచి తెచ్చి ఇచ్చాడట. ఒక్క మాట అడగలేదు. ఆ సంచిలో ఉన్నది ఎవరి కాళ్ళ మీది వెండి అని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

బండాయన అంతా విని నవ్వాడు. “ఏందక్కా, పైసలు మీకంటె ముందుగాలనే షోలాపూర్ పోయినయా?”

“పొద్దుగాల మూట తీసుకుంటం గదా, ఆడనే ఇస్తం” అన్నాడు మా ఆయన.

“పొద్దుగాల మీ అన్న ఇంకో శూల తీస్తె? చింతపండు ఏసేటాయన రూపాయి చేతిల పట్టుకోని నిలబడ్డడు. నేను ఎవని మొకం చూడాలె?”

మా దగ్గర యాభై ఒక్క రూపాయలు ఉన్నాయి. మాకు ఒక్క రూపాయి కావాలి. అది ఊరి చివర ముడి కింద ఉంది. అడగడానికి బావ దగ్గరికి పోయాడు మా ఆయన. “ముడి విప్పుడు లేదు” అన్నాడు బావ. “అప్పు తేను కూడ పోకు. పస్తానం పెట్టినంక అప్పు చేస్తె పయనం అప్పుతోనే ముగుస్తది.” ఆ రోజు ఆయన మొలలో రూపాయి ఉందో లేదో నాకు తెలియదు. ఆయన చెయ్యి మాత్రం మొల వైపు పోలేదు. తలుపు సందులోంచి అది నేను చూశాను.

బండాయన చింతపండు ఒప్పుకున్నాడు. బజారు సేటు దగ్గరికి నేను పోనే లేదు. ఏం పట్టుకుని పోను?

శనివారం తెల్లవారాక ఆ బండి మా వీధి గుండానే పోయింది. నిండా చింతపండు బుట్టలు. నేను కట్టిన సామాను వసారాలో వరుసగా ఉంది. నా కూతురు మూటల మీద ఎక్కి కూర్చుని, “బండి పోయిందమ్మా” అంది.

పొద్దెక్కాక బావ వచ్చి తీర్పు చెప్పాడు. మూడు దినాలు ఈ రోజుతో ముగుస్తున్నాయి. బండి లేదు కనుక ఈ ప్రస్థానం చెల్లదు. వచ్చే బుధవారం మళ్ళీ పెట్టాలి. అప్పటిదాకా మూట అక్కడే ఉండనీ.

“వచ్చే బుధారం ఏడో తారీఖు” అన్నాను నేను తలుపు వెనక నుంచి, మా ఆయనతో. “చెప్పు. ఏడో తారీఖుకు మనం ఆడ అర్రల ఉండాలె, ఈడ మూట కట్టుడు గాదు. చెప్పు.”

ఆయన అన్న వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. “అర్రలకేంది, అక్కడ మస్తుంటయి” అన్నాడు.

నేను చేతిలో ఉన్న తాడు కింద పెట్టాను. పెరటి తలుపు తీసుకుని బజారు మీదుగా నడిచాను. పట్టపగలు, ముఖం మీద కొంగు లేకుండా. నేత ఇంటి కోడలు అలా పోతుంటే బజారులో కొలతలు కొలిచే చేతులు ఆగాయి. ఆగనీ అనుకున్నాను.

కుమ్మరి అవ్వ వాకిట్లో పచ్చి కుండలు ఆరబెడుతోంది. మూట ఎక్కడ ఉందని అడిగాను. “దేవుని గూట్ల పెట్టిన బిడ్డా, ఎలుకలు తగల్లే” అంది. తెచ్చి నా ముందు పెట్టింది. నేను ముడి మీద చెయ్యి వేస్తే, “ఊరు దాటలేదు గదనే” అంది.

“దాటుతనవ్వా. గందుకే విప్పుతున్న.”

సంచి తీసి, నేల మీద కొంగు పరిచి లెక్కపెట్టాను. యాభై ఒక్క రూపాయల నాలుగణాలు. పంతులువి పోను సరిగ్గా ఉంది. ఒక్క పైసా ఎక్కడికీ పోలేదు. ఎవరూ దొంగతనం చేయలేదు. అందుకే నాకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. దొంగ అయితే పట్టుకుని నిలదీయవచ్చు. వీళ్ళు నా మంచికే నా చేతులు కట్టేశారు.

రెండోసారి వరుసలు పేరుస్తుండగా బావ వచ్చాడు, వెనక మా ఆయన. బావ నా వైపు చూడకుండా తమ్ముడితో అన్నాడు. “అడుగు. ఎవరిని అడిగి ఇప్పిందో అడుగు.”

మా ఆయన అన్న వెనక్కి జరిగాడు.

“నన్నే అడుగు బావా” అన్నాను. “నేనీడనే ఉన్న.”

తొమ్మిదేళ్ళలో ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు, తానే కోడలైనట్టు.

“ఇరవై ఎనిమిది నా కడియాలయి. పదకొండు నా గంగాళంది. పన్నెండున్నర మీ తమ్మునిది. దీంట్ల నీది ఏమన్న ఉంటె చెప్పు, తీసి పక్కకు పెడత.”

“పైసలు ఎవరియి అని కాదు” అన్నాడు ఆయన కుండలతో చెబుతున్నట్టు. “ముడి ఇప్పినంక మంచొచ్చినా చెడొచ్చినా ఇప్పినోళ్ళదే.”

“నాదే. రాసుకో.”

“అయ్యా, మీరు గంత కోపంగ నిలబడకుండ్రి” అంది కుమ్మరి అవ్వ. “నా పచ్చి కుండలు పలుగుతయి.”

బావ వెళ్ళిపోయాడు. మా ఆయన, “గట్ల ఎదురు మాట్లాడితివేందే” అన్నాడు.

“నువ్వు మాట్లాడితె నాకు ఆ పని పడకపోవు” అన్నాను.

ఆ మధ్యాహ్నమే ఇంకో బండి మాట్లాడాను. మా ఒక్కరి కోసమే కట్టే బండి కనుక అయిదు రూపాయలు. రెండు రూపాయలు ఎక్కువ. మూడు రూపాయల మూడణాల మిగులు రూపాయి మూడణాలు అయింది. బియ్యం, పసుపు కొమ్ము అవ్వకే ఇచ్చేశాను. బండి ఎక్కేటప్పుడు యారాలు వాకిట్లో నిలబడి ఏడ్చింది. బావ ఇంట్లోంచి బయటికి రాలేదు.

బండి మీద దారి పొడుగునా మా ఆయన వెనక్కి తిరిగి కూర్చున్నాడు. నేను ఆ శూలల లెక్క మళ్ళీ వేశాను. అప్పుడు కనిపించింది వాళ్ళ తప్పు. మూడు దిక్కుల దోషాలనూ తెచ్చి ఒకే రోజు నెత్తిన కూడారు. ప్రయాణం ఒకటే కావచ్చు, అందులో మజిలీలు మూడున్నాయి. బండి తూర్పు పోతుంది ఒక రోజు. రైలు దక్షిణం పోతుంది ఇంకో రోజు. పడమర పోయేది మూడో రోజు. ఏ మజిలీకి ఆ రోజు చూసుకోవాలి. ఆరు రోజులు కొట్టేయవలసిన పనే లేదు. వాళ్ళ శాస్త్రం ప్రకారమే వాళ్ళకు లెక్క రాదు. అది తెలిసి నాకు ఊరట కలగలేదు. ఇంకా మండింది.

ఆదివారం పొద్దున కామారెడ్డి చేరాము. నాకు ఎల్లారెడ్డి సేటు తెలుసు, నాకు లెక్క వచ్చునని ఆయనకూ తెలుసు. కామారెడ్డిలో మార్చే ఆయనకు నేనెవరో తెలియదు. ఆయన ఎనిమిదణాలు కాదు, రూపాయి పట్టుకున్నాడు. కాదంటే రైలు పోతుంది. నా మిగులు పదకొండణాలకు వచ్చింది.

స్టేషన్ ముసాఫిర్‌ఖానాలో సామాను దించాక మా ఆయన మూట మీద కూర్చుని, “రేపు పోదాం” అన్నాడు.

“ఎందుకు?”

“ఇయ్యాళ ఆదివారం. పడమటికి శూల. పస్తానం ఉంటె పోతుంటిమి. నువ్వు ఇప్పేస్తివి.”

“ఈ రైలు యాడికి పోతది?”

“సికిందరాబాదుకు.”

“అది ఏ దిక్కు? నువ్వే చెప్పినవ్ పంతులు ముంగట.”

ఆయన మూట మీద అటు తిరిగి కూర్చున్నాడు.

“దచ్చినం. దచ్చినానికి ఆదివారం ఏ శూలా లేదు. రేపు సోమారం ఆడ రైలు మారి పడమటికి పోతం. పడమటికి సోమారం లేదు. మీ అన్నను అడిగి వస్తవా, మల్ల ఎల్లారెడ్డి దాకా పోయి?”

ఆయన లేవలేదు. నేనే లేచి టిక్కెట్ల కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపలి గుమాస్తా ఉర్దూలో, నీతో మగవాళ్ళు ఎవరూ లేరా అని అడిగాడు.

“ఉన్నడు. ఆ మూట మీద కూసున్నడు. పైసలు నా దగ్గరున్నయి” అన్నాను.

గుమాస్తా తల బయటికి పెట్టి చూసి, నవ్వుకుంటూ రెండున్నర టిక్కెట్లు కొట్టాడు. పదిన్నర ఇచ్చాను. రెండణాలు తిరిగి ఇచ్చాడు. నేను కదలలేదు. “ఇంకొక అణా” అన్నాను. ఆయన నవ్వు మానేసి అణా ఇచ్చాడు.

రైలు వచ్చినప్పుడు పిల్లను ఎక్కించి, సామాను ఎక్కించి, నేను ఎక్కాను. వెనక్కి తిరిగి చూడలేదు. రైలు కదిలే ముందు ఆయన కూడా ఎక్కాడు.

మంగళవారం, ఆరో తారీఖు, అర్ర యజమాని చేతిలో పదిహేను కల్దార్లు పెట్టాను. రేపు ఇస్తానని అప్పటికే ఇంకొకరు చెప్పి పోయారట. తాళంచెవి నా చేతికి వచ్చింది. నా లెక్కలో మిగిలింది పదకొండణాలు, అదీ మా నిజాం రాజ్యంలో తప్ప చెల్లనివి. ఆ హాలీ అణాలు చాలా కాలం గూట్లో ఉన్నాయి.

అర్ర దక్కింది. అయితే “రాసుకో” అని నేను అన్న మాటను మా ఆయనా, ఆయన అన్నా నిజంగానే రాసుకున్నారు. మొదటి ఏడు మా ఆయన వేలు మిల్లు మగ్గంలో పడి నలిగింది. అది మూట విప్పినందుకు. పిల్లకు పదిహేను రోజులు జ్వరం, అదీ అందుకే. రెండో ఏడు నాకు ఆరో నెలలో కడుపు పోయింది. నేను చాప మీద పడుకుని ఉండగానే మా ఆయన అన్నకు కార్డు రాశాడు. జవాబు వచ్చింది. దాన్ని నాకు చదివి వినిపించాడు కూడా. “ముడి ఇప్పిన చేతికి తెలియాలె” అని ఉంది అందులో. అప్పటికి నాకు అక్షరాలు రావు. ఆ తర్వాత నెలలోనే పొరుగింటి పిల్ల పలక తీసుకుని మొదలుపెట్టాను. ఇక మీదట నా ఇంటికి వచ్చే కార్డులు నేనే చదువుకోవాలనుకున్నాను. నెలనెలా జీతం వచ్చిందీ, వాన పడకుండా నెత్తి మీద కప్పు ఉందీ, పిల్ల బడికి పోయిందీ ఎవరి ఖాతాలోనూ పడలేదు. చెడు ఒక్కటే నా పేర రాశారు. అలాంటి ఖాతాను ఏ సాహుకారూ నడపడు.

తర్వాత యుద్ధం వచ్చింది. నూలు దొరకడం మానేసింది. ఎల్లారెడ్డిలో మగ్గాలు ఆగిపోతే బావ కూడా ఇల్లు కదిలించాడు. షోలాపూర్‌కు కాదు, కామారెడ్డికి. స్టేషన్‌కు దగ్గరలో చిన్న ఇల్లు తీసుకుని, బియ్యం గిర్నీలో సంచులు కుట్టే పనికి కుదిరాడు. మేము ఒక పెళ్ళికి వస్తూ అక్కడ రెండు రోజులు దిగాము.

యారాలు నన్ను పెరట్లోకి తీసుకుపోయి గిన్నెలు తోముతూ వాళ్ళు కదిలిన సంగతి చెప్పింది. “మేము గూడ పస్తానం పెట్టినం. గా కుమ్మరోళ్ళింట్లనే. అవ్వ సచ్చిపోయింది, కోడలుంది.”

“పైసలు పెట్టిండా?”

ఆమె వాకిలి వైపు చూసి, గొంతు తగ్గించి నవ్వింది. “బియ్యం, పసుపు, నా పాత చీర. పైసలు మాత్రం మొలకు కట్టుకున్నడు. రెండు ముళ్ళేసి. పండుకున్నా ఇప్పలే.”

నేను గిన్నె కింద పెట్టాను. తన తప్పు ఆయనకు తెలుసు. మొలతాడు దగ్గర తెలుసు, నోటి దగ్గర తెలియదు. నన్ను నిందిస్తూ ఆ కార్డు రాసిన రోజున కూడా తెలిసే ఉంటుంది.

మర్నాడు అన్నాలయ్యాక బావ వసారాలో కూర్చుని యారాలితో అన్నాడు. నేను తలుపు ఇవతల ఉన్నానని ఆయనకు తెలుసు. “గిర్నీల కూలి చాలుత లేదు. మేము గూడ షోలాపురం వస్తె ఎంత పడతదో. టిక్కెట్లు, అర్ర, అన్ని. అడుగు ఆమెను.”

యారాలు తల తిప్పి నా వైపు చూసింది. మా ఆయన కూడా చూశాడు.

ఆయన అడుగుతుండగానే నా తలలో లెక్క అయిపోయింది. ఇద్దరు పెద్ద పిల్లలతో కలిపి వాళ్ళు నలుగురు, సగం టిక్కెట్టు పిల్ల ఒకతి. ఇప్పటి ధరలో ఇరవై మూడు రూపాయల పదణాలు. సామానుకు రెండు. దారి తిండికి రెండు. అర్రకు ఇప్పుడు ముప్పై కల్దార్లు అడుగుతున్నారు, అంటే ముప్పై అయిదు హాలీ.

“అక్కా” అన్నాను యారాలితో, ఆయనకు వినపడేటట్టు. “లెక్క కావాల్సినోళ్ళు నన్నే అడగాలె. నేనీడనే ఉన్న.”

బావ మొల సర్దుకుని చుట్ట ముట్టించుకున్నాడు. అది కాలిపోయేదాకా నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆయన లేచి గిర్నీకి పోయాడు.

ఆ ఏడు వాళ్ళు కదలలేదు. ఆ తర్వాతా కదలలేదు. యారాలు తలపుకు వచ్చినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. ఆ అంకె ఒక్కటి ఆమె చెవిలో వేయగలిగేదాన్నే. వేయలేదు. వేస్తే అది మళ్ళీ ఇంకొకరి నోటి గుండా పోయి మెత్తబడి ఉండేది.

అరవై రెండు రూపాయల పదణాలు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.